ఆటలో జాతర చందా

కృష్ణగిరి,
12 జూన్ 2025

ఎర్రటోపీ అత్తకు,

మధుమిత దండాలు. నిన్న సాయంత్రం పడవ దిగగానే నేను దీపం పదే పదే ఎత్తి దించాను, చూశావా? నువ్వేమో టోపీ తీసి ఊపి, గుండ్రంగా తిరిగి, నాట్యం చేశావు. సంతోషంతో ఎత్తానని అనుకున్నట్టున్నావు. ఆ కంప్యూటరు ఆటలో నోరూ లేదు, రాతా లేదు. చెయ్యి ఊపడం, దండం పెట్టడం, దీపం ఎత్తడం, అంతే. అందుకే ఈ కాగితం.

మన లాంతర్ కోస్ట్ ఆట మూసేస్తున్నారు అత్తా. ఆగస్టు ఆఖరి రోజుతో సర్వర్లు ఆపేస్తామని కంపెనీవాళ్ళు ప్రకటించారు. ఆడేవాళ్ళు తగ్గిపోయారట, గిట్టుబాటు కావడం లేదట. ఆ తర్వాత మన రేవు ఉండదు, పడవ ఉండదు, నీ ఎర్రటోపీ ఉండదు.

చదివినప్పటి నుంచి ఒకటే గాబరాగా ఉంది. హోసూరులో నీ ఇంట్లో ఉండి డిగ్రీ చదివిన రోజుల్లో ధనశేఖర్ బావ కంప్యూటరు ముందు నిన్ను కూర్చోబెట్టి ఈ ఆట నేర్పింది నేనే. పోయిన ఏడు జాతరలో నీకూ నాయనకూ చెడ్డాక ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "మీ అత్తతో ఫోన్లో మాటా వద్దు, మెసేజీ వద్దు, ఆ ఇంటి గడప తొక్కేది వద్దు" అన్నాడు. ఆటలో పడవ తొయ్యొద్దని అనలేదు. నీ గులాబీల పెట్టెలు ఆంజప్ప పూల అంగడికి వచ్చి ఖాళీగా తిరిగి వెళ్ళేటప్పుడు వాటిలో కాగితం పెట్టొద్దనీ అనలేదు. కానీ కాగితం కాగితమే. పక్కన నిలబడటానికి నాకున్న చోటు ఆ రేవు ఒక్కటే.

కాబట్టి ఇద్దరం కలిసి ఇంకో ఆటకు మారాలి. ఇద్దరం ఒకే ఆటకు. నేను చూసిపెట్టాను, పేరు ఐరన్ సమ్మిట్. కోట్లు పోసి తీశారు. సర్వర్లు బొంబాయిలోనే ఉన్నాయి, లక్షలమంది ఆడుతున్నారు, ఇప్పట్లో మూతపడే భయం లేదు. దించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఒకసారి చూసి ఏమనుకున్నావో రాయి. ఆలస్యం చేయకు.

నీ పడవ తోసే
మధు


హోసూరు,
17 జూన్ 2025

మధమ్మకు,

భువన అత్త ఆశీస్సులు. తోటపని లక్ష్మణప్ప ఖాళీ పెట్టెలు దించుతూ "అమ్మా, మీకు పోస్టు వచ్చినాది" అని కాగితం తెచ్చి ఇచ్చాడు. మన రేవు పోతుందని చదివాక ఆ పూట గులాబీలు కోస్తూ ముళ్ళు గుచ్చుకున్నా పట్టించుకోలేదు.

నువ్వు చెప్పిన ఆట బొమ్మ చూశాను. ఒకాయన మంచుకొండ మీద నిలబడి గొంతు చించుకుని అరుస్తాడు, తర్వాత అందరూ అందర్నీ కొడతారు. ధనశేఖర్ కోయంబత్తూరు నుంచి ఫోన్ చేస్తే అడిగాను. వాడు చెప్పింది విని నీరుగారిపోయాను. "అమ్మా, ఆడ ఊరికే నిలబడితే బయటికి తోసేస్తాది" అన్నాడు. ఊరికే నిలబడటం తప్ప మనం చేసేదేముంది? గులాబీలకు నీళ్ళు పట్టి, కాళ్ళు కడుక్కుని, రేవులో నిలబడి నీ పడవ వస్తుందేమోనని చూస్తాను. నాకు ఆటంటే అదే.

నేనూ ఒకటి చూసిపెట్టాను. దాని పేరు హిల్‌గేట్. నలుగురే మనుషులు తయారు చేస్తున్నారట. వాళ్ళ వెనక కంపెనీ లేదు. ఆడాలనుకున్నవాళ్ళే ముందుగా తలా కొంచెం వేసుకుంటే ఆ డబ్బుతో ఆట కడతారు. ఒక గుట్ట, గుట్ట మీద ఊరు, ఊరికి గుమ్మం. వేసుకున్నవాళ్ళ పేర్లు ఆ గుమ్మం రాతి మీద చెక్కుతారట. నా పాత కంప్యూటరుకు సరిపోతుంది. ఎంతసేపు నిలబడినా తోసెయ్యరు.

ఇది నాకు బాగా అర్థమయ్యే సంగతి. మన రాయకోట పక్క ఊళ్ళో మారెమ్మ జాతర చేసేదీ ఇట్లాగే కదా. ఇంటింటా చందా, మొదటి రోజు అమ్మవారి ముందర మీ నాయన నిలబడి చందా కట్టిన ఇళ్ళను ఒక్కొక్కటే పిలవడం, "ఉండాము" అని ఆ ఇంటివాళ్ళు పలకడం. మీ మామ పోయాక వాళ్ళ ఊళ్ళో మా ఇంటిని పిలవడం మానేశారు. పుట్టిన ఊళ్ళోనైనా పిలిపించుకుందామని చందా తీసుకుపోతే మీ నాయన ఏం చేశాడో నువ్వు చూశావు. "పెండ్లయి పోయిన ఆడబిడ్డ ఇంటికి ఈడ లెక్క లేదు" అని అందరి ముందరా నా చేతిలో తిరిగి పెట్టేశాడు. ఆ రోజు తల ఎత్తలేక బస్సెక్కాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

హిల్‌గేట్ వాళ్ళు ఏ ఇంటి ఆడబిడ్డవని అడగరు. నాకు అక్కడికే పోవాలనుంది.

నీ రేవులో నిలబడే
అత్త


కృష్ణగిరి,
24 జూన్ 2025

అత్తకు,

దండం పెడతాను, తొందరపడకు. హిల్‌గేట్ వాళ్ళ పేజీ అంతా చదివాను. తెరుస్తామన్న తేదీ ఇప్పటికే వెనక్కి జరిపారు, ఇంకోసారి జరుపుతామని కూడా అన్నారు. మా మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో భరణి అని ఒకతను ఇట్లాంటి ఆటకే చందా వేశాడు. ఆ ఆట ఇంతవరకు రాలేదు, కట్టేవాళ్ళు ఉత్తరాలకు జవాబివ్వడం కూడా మానేశారు. జాతరకు చందా వేస్తే మారెమ్మ ఎక్కడికీ పోదు. వీళ్ళు పోతారు.

ఐరన్ సమ్మిట్‌లో భరణి వాళ్ళకు ఒక జట్టు ఉంది. నేను అందులో చేరతానని చెప్పేశాను, వచ్చే వారం మొదలుపెడుతున్నాం. నువ్వు ఆలోచించుకో.

ఇంకొక సంగతి. మొన్న నేను పడవలో ఉండగా నాయన నా వెనక వచ్చి నిలబడ్డాడు. "ఎవురే ఆ ఎర్రటోపీ మనిషి? దినామూ ఆడనే ఉంటాది" అన్నాడు. "హోసూరు స్నేహితురాలు" అన్నాను. అబద్ధం కాదు కదా. ఆయన పోయాడు. కానీ నేను కంగారులో పడవను నువ్వు నిలబడ్డ రేవు రాయికి కొట్టేశాను. నువ్వు ఎగిరి నీళ్ళలో పడ్డావు, క్షమించు.

భయపడుతూ,
మధు


హోసూరు,
2 జూలై 2025

మధుమితకు,

క్షేమం. నీకు జట్టు దొరికినందుకు సంతోషం. చదువుకున్నవాళ్ళు, నీ ఈడువాళ్ళు, చురుకైనవాళ్ళు. ముసలి అత్తను నీళ్ళలో పడేసి పోవడమే మంచిది. ఆలోచించుకో అన్నావు, ఆలోచించుకున్నాను.

హిల్‌గేట్‌కు చందా కట్టేశాను. ధనశేఖర్ కార్డు మీద కట్టించాను. వాడు షిఫ్టుకు పోయే తొందరలో నేను చెప్పింది చెప్పినట్టు నింపేశాడు. రెండు చోట్లకు కట్టాను, ఒకటి నాకు, ఒకటి నీకు. నువ్వు వస్తే వస్తావు, లేకుంటే నీ చోట ఎవరో ఒకరు నిలబడతారు. చందా ఎట్లా కట్టాలో అట్లాగే కట్టాను, పద్ధతి తప్పలేదు.

కొత్తిమీర కట్ట ఒకటి పెట్టెలో పెట్టాను, మీ అమ్మకు ఇవ్వు. ఎక్కడిదని అడిగితే ఆంజప్ప ఇచ్చాడని చెప్పు.

భువన


కృష్ణగిరి,
9 జూలై 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. జట్టులో చేరింది ఎవరి కోసమనుకున్నావు? జట్టులో మనిషి ఉంటే ఇంకొకరికి చోటు పట్టిపెట్టొచ్చు. "మా అత్త వస్తాది, ఆమెకు పరుగు రాదు, నిలబడితే మీరు కాపాడాల" అని భరణితో ముందే ఒప్పించాను. ఆ ముక్క రాయడం మరిచిపోయాను, అంతే. నువ్వేమో నన్ను పరాయిదాన్ని చేసేశావు.

సరే, అది వదిలెయ్యి. ఇప్పుడు నన్ను తినేస్తున్న భయం వేరే. చందా రెండు చోట్లకు కట్టానన్నావు. ఎవరి పేర్లు ఇచ్చావు? గుమ్మం మీద నా పేరూ నీ పేరూ పక్కపక్కన చెక్కితే అది లోకమంతా చూస్తుంది. ఎవరైనా నాయనకు చూపిస్తే నేను ఒట్టు తప్పానని అనుకుంటాడు. వెంటనే రాయి.

కొత్తిమీర అమ్మకు ఇచ్చాను. వాసన చూసి "ఇది హోసూరుదే" అంది. నాయనతో చెప్పలేదు.

మధు


కృష్ణగిరి,
30 జూలై 2025

అత్తకు,

జవాబు లేదు. రేవులో నువ్వు లేవు. రోజూ సాయంత్రం పడవ కట్టేసి నిలబడుతున్నాను. ఎవరెవరో కొత్తవాళ్ళు వచ్చి చెయ్యి ఊపిపోతున్నారు. ఎర్రటోపీ కనబడితే చాలు పరుగెత్తుతున్నాను, దగ్గరికి పోతే వేరే ఎవరో.

ఆంజప్పను అడిగితే "గులాబీలు కొంచమే వస్తా ఉండాయి, కాగితాలేం లేవు పాపా" అన్నాడు. కోపమొచ్చిందా? వంట్లో బాగాలేదా? కోపమైతే తిట్టు. వంట్లో బాగాలేకపోతే మాత్రం ఒట్టూ గిట్టూ చూడను, వచ్చేస్తాను. మూసేసే రోజు దగ్గరపడుతోంది అత్తా.

మధు


హోసూరు,
8 ఆగస్టు 2025

నా తల్లి మధుకు,

వంట్లో బాగుంది, కోపమూ లేదు. గాలివాన వచ్చి గులాబీల పందిరి మీద ప్లాస్టిక్కు పట్ట మొత్తం చింపి జూజువాడి వైపు ఎగరేసుకుపోయింది. కరెంటు స్తంభం పడిపోయి కంప్యూటరు చీకట్లోనే ఉంది. నీ కాగితాలు రాలేదనుకుని "పిల్లకు నా మీద మనసు విరిగింది" అని నేనూ లోలోపల కుమిలిపోయాను. నిన్న లక్ష్మణప్ప తడిసిన పెట్టెలు ఎండలో వేస్తుంటే రెండూ ఒక్కసారే దొరికాయి. సిరా అంతా పాకింది, అయినా చదివాను. నిన్ను ఏడిపించాను, మనసులో పెట్టుకోకు.

పేర్ల సంగతి అడిగావు. భయపడకు, నీ పేరూ ఇవ్వలేదు, నా పేరూ ఇవ్వలేదు. చందా ఎప్పుడైనా ఇంటి పెద్ద పేరు మీదే కదా కట్టేది? ఆ ఫారంలో పేరు అని ఉన్నచోట "దేవేంద్ర ఇల్లు" అని రాయించాను. కింద ఫోన్ నంబరు అడిగింది. జాతర పుస్తకంలో పేరు పక్కన ఇంటి పెద్ద నంబరే రాస్తారు కాబట్టి మీ నాయన నంబరే ఇప్పించాను. నన్ను తోసేశాడని నేను ఆయన్ను తోసేయలేను కదా. నాకు తెలిసిన పుట్టిల్లు ఆ పేరే.

లోపలికి పోవడానికి రెండు తాళపుచెవులు పంపుతామన్నారు, అంకెల్లాంటివి. నాకైతే రాలేదు. నీకేమైనా వచ్చాయా?

అత్త


కృష్ణగిరి,
14 ఆగస్టు 2025

అత్తా అత్తా,

ఎంత పని చేశావు! జాతర పుస్తకంలో నంబరు రాస్తే రాసినంతవరకే. ఇక్కడ నంబరు ఎవరిదైతే ఆట వాళ్ళది. తాళపుచెవులు నాయన ఫోనుకే వచ్చాయి!

పోయిన నెల ఆయన మన ఎరువుల అంగడి నుంచి వచ్చి ఫోను నా ముందు పెట్టి "ఏందిది, ఇంగ్లీషులో నా పేరేసి పంపినారు, బ్యాంకు దొంగలా?" అన్నాడు. నేను సరిగా చూడను కూడా చూడలేదు. "దొంగలే, తీసెయ్ నాయనా" అన్నాను. తీసేశాడు. నా నోటితో నేనే తీయించాను.

హిల్‌గేట్ వాళ్ళకు రాశాను. వెంటనే జవాబిచ్చారు, మంచివాళ్ళే. కొత్త తాళపుచెవులు ఇస్తారట. అయితే ఆ నంబరున్న మనిషే స్వయంగా అడగాలట. అంటే నాయన అడగాలి. నీ పేరెత్తితే అన్నం ముందర నుంచి లేచిపోయే నాయన.

ఆయనకు చెబితే ఒట్టు సంగతి బయటపడుతుంది, ఆ తర్వాత కాగితాలు కూడా ఉండవు. చెప్పకపోతే హిల్‌గేట్ లేదు. ఐరన్ సమ్మిట్ ఒక్కటే దారి. నీ పాత కంప్యూటరులో ఆ ఆట నడవడానికి భరణి తన పాత గ్రాఫిక్స్ కార్డు ఇచ్చాడు, పూల పెట్టెలో పంపుతున్నాను. కంప్యూటరు బాగుచేసే అతన్ని పిలిచి పెట్టించుకో.

మధు


హోసూరు,
20 ఆగస్టు 2025

మధుకు,

నాయనకు చెప్పవద్దు. నీకూ ఆయనకూ చెడితే నేను బతికి దండగ. కార్డు పెట్టించాను, కరెంటు వచ్చింది. నువ్వు చెప్పిన ఆటే ఆడతాను, తోసినా సరే.

మూసేసే రోజు సాయంత్రం రేవుకు వస్తాను. నువ్వు తప్పకుండా రా.

అత్త


కృష్ణగిరి,
2 సెప్టెంబరు 2025

అత్తకు,

ఆ సాయంత్రం నీకు తెలియనిది ఒకటి రాయాలి. నువ్వు టోపీ తీసి, రేవు చివరన నిలబడి, నా వైపు తిరిగి దండం పెట్టావు కదా, ఆ తర్వాత ఎంతకీ చేతులు దించలేదు. అప్పుడు నాయన నా కుర్చీ వెనకే ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నేను ఏడుస్తున్నాను.

"ఆ ఎర్రటోపీ ఎవురే?" అన్నాడు.

ఇక దాచలేకపోయాను. "అత్త" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. పడవ, కాగితాలు, పూల పెట్టెలు, హిల్‌గేట్, చందా, అన్నీ చెప్పేశాను. ఫోన్లో మాత్రం మాట్లాడలేదని కూడా చెప్పాను. ఆయన అంతా విని ఒకే ఒక మాట అడిగాడు.

"నా పేరెందుకు రాసింది?"

"చందా ఇంటి పెద్ద పేరు మీదే కదా నాయనా" అన్నాను.

తెర నల్లబడింది. ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఇంతవరకు ఆంజప్ప అంగడికి పోవద్దని అనలేదు, పొమ్మనీ అనలేదు. ఈ కాగితం భయపడుతూనే పెడుతున్నాను. ఇదే ఆఖరిదేమో తెలియదు.

మధు


హోసూరు,
19 అక్టోబరు 2025

మధుకు,

చెప్పేసి మంచి పనే చేశావేమో, చెడ్డ పనే చేశావేమో, నాకు తెలియదు. పోయిన జాతర గుర్తొస్తోంది.

ఐరన్ సమ్మిట్ సంగతి విను. ప్రయత్నం చేశాను. బొమ్మ అద్దంలా ఉంది, గడ్డిపోచ కూడా గాలికి ఊగుతుంది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ అందరూ ఒకే ఇనుప చొక్కా వేసుకుని పరుగెడుతుంటే వాళ్ళలో నువ్వెవరో కనిపెట్టలేకపోయాను. కనిపెట్టి చెయ్యి ఊపేలోపు ఎవడో నా తల నరికాడు. ఇంకోసారి నిలబడి వెతుకుతుంటే "ఆడటం లేదు" అని తోసేశారు. నీ భరణి పాపం నా ముందర డాలు పట్టుకుని నిలబడితే అతన్నీ తోసేశారు. ఈ వయసులో నా కోసం ఒక పిల్లవాడు మాట పడటం నాకు ఇష్టం లేదు. మీరు ఆడుకోండి, నేను రాను.

హిల్‌గేట్ వాళ్ళు మళ్ళీ తేదీ జరిపారట. నలుగురిలో ఒకరు మానేశారని ధనశేఖర్ చదివి చెప్పాడు. నువ్వు అన్నదే నిజమయ్యేట్టుంది. అయినా రోజూ వాళ్ళ పేజీ తెరిచి చూస్తున్నాను. గుమ్మం బొమ్మ పెట్టారు, రాయి మీద పేర్లు చెక్కుతున్నారు. "దేవేంద్ర ఇల్లు" కనబడింది. తలుపు తెరిచినా నా దగ్గర తాళపుచెవి లేదు కదా, చూసి మూసేశాను.

సాయంత్రాలు ఏం చేయాలో తోచడం లేదు.

అత్త


హోసూరు,
25 నవంబరు 2025

మధమ్మకు,

రాత వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

మొన్న ఖాళీ పెట్టెలు వచ్చాయి. ఒకదాని అడుగున ఎరువుల అంగడి బిల్లు కాగితం ఉంది. వెనక్కి తిప్పితే అన్న చేతిరాత. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, అంతే. పేరు లేదు, క్షేమమా అనే మాట లేదు. అది తాళపుచెవి అని ధనశేఖర్ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆయన ఆ ఆటవాళ్ళను అడిగి తెప్పించాడన్నమాట. నీకు కూడా చెప్పినట్టు లేడు, చెప్పి ఉంటే నువ్వు పెట్టెతో పాటు పరుగెత్తి వచ్చేదానివి.

నిన్న హిల్‌గేట్ తెరిచారు. పెద్ద గొప్పగా ఏమీ లేదు. గుట్ట మీద సగం ఇళ్ళకు పైకప్పు లేదు, కోడి ఒకటి గాలిలో నడుస్తోంది. గుమ్మం మాత్రం కట్టారు. నేను లోపల అడుగు పెట్టగానే "భువన వచ్చారు" అని పైన అక్షరాలు పడ్డాయి. ఇక్కడ మాటలు టైపు చేయొచ్చు.

గుమ్మం పక్కన ఒక మనిషి ఉన్నాడు. గోడకేసి ముఖం పెట్టి, గోడలోకే నడుస్తున్నాడు. నడుస్తాడు, తల తగిలించుకుంటాడు, ఆగుతాడు, మళ్ళీ నడుస్తాడు. రెండో తాళపుచెవి నీకే ఇచ్చి ఉంటాడని, నువ్వే కొత్త మీటలు తెలియక తిప్పలు పడుతున్నావని నవ్వుకుంటూ పోయి "మధూ" అని కొట్టాను.

తర్వాత ఒక్కో అక్షరమూ పడింది.

"మధు ఆఫీసులో ఉండాది. నేను దేవేంద్ర."

కంప్యూటరు ఆపేసి పారిపోదామనుకున్నాను. వేలు మీట మీదే పెట్టుకున్నాను. ఇంతలో ఇంకో మాట వచ్చింది.

"రాతి మీద నా పేరు రాసినావు. తప్పు. ఎవురు కడితే ఆ పేరే పిలవాల. అది పద్ధతి."

తిడుతున్నాడనే అనుకున్నాను. పేరు కొట్టేయిస్తాడని, మళ్ళీ చేతిలో తిరిగి పెట్టేస్తాడని అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను మధూ. తెరిచేసరికి ఆ గోడకు ముఖం పెట్టిన మనిషి పక్కన, పెద్ద అక్షరాలతో ఉంది.

"భువన ఇల్లు!"

లక్ష్మణప్ప నీళ్ళ పైపు వదిలేసి వచ్చాడు, ఏడుపు వినబడిందట. చెయ్యి ఊపి పంపించేశాను. అక్షరం వెతుక్కుని, తప్పు పోతే చెరిపి, మళ్ళీ వెతుక్కుని కొట్టాను.

"ఉండాము అన్నా."

ఈ ఆట ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు. వాళ్ళ దగ్గర డబ్బు అయిపోవచ్చు, మిగిలిన ముగ్గురూ మానేయవచ్చు, ఆ భయం నాకు పోలేదు. నీ ఒట్టు సంగతి నువ్వే ఆయన్ను అడుగు. ఒక్క పని మాత్రం ఈ కాగితం అందిన రోజే చెయ్యి. ఆఫీసు నుంచి పోగానే ఆయనకు వెనక్కి తిరగడం నేర్పించు. నేను వెళ్ళేదాకా గోడ వైపే నిలబడి ఉన్నాడు, నన్ను ఇంకా చూడలేదు.

గుమ్మం దగ్గరే ఉండే
మీ అత్త